గోడ మీద నలభై

మార్లా మొదటి మీటింగులో నోరు విప్పిందో లేదో, వెస్లీ ఆమెను అందరి ముందూ నవ్వులపాలు చేశాడు. ఆ పాపం ఆ సీజనంతా అతని వెన్నంటే తిరిగింది.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి స్కూల్లో, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాకర్ గది గోడ మీద ఎర్ర రంగుతో '40' అని నిలువెత్తున రాసి ఉంటుంది. రాయించింది హెడ్ కోచ్ విల్బర్ కుచెరా. బంతిని విసరకుండా చంకలో పెట్టుకుని ఆటకు నలభై సార్లు పరిగెడితే గెలుపు మనదేనని ఆయన నమ్మకం. పద్నాలుగేళ్ల స్కోరు పుస్తకాలూ అదే చెబుతున్నాయి. ఎప్పుడు పరిగెత్తాలో ఎప్పుడు విసరాలో కుర్రాళ్లకు చెప్పే అసిస్టెంట్ కోచ్ వెస్లీకి ఆ నలభై దేవుడి మాట.

మార్లా ఆ కోచ్ కూతురే. ఆగస్టులో లెక్కల టీచరుగా చేరింది. స్కోరు పుస్తకం రాసే పని కూడా ఆమెకే పడింది.

"పాత పుస్తకాలన్నీ చూశాను నాన్నా," అంది. "గెలిచిన ఆటల్లోనూ ఓడిన ఆటల్లోనూ హాఫ్ టైమ్ దాకా మనం పరిగెత్తింది ఒక్కలాగే ఉంది. ముందంజలో ఉన్నాక టైమ్ కరిగించడానికి పరిగెడుతున్నాం. గెలుపు ఖాయమయ్యాక, చివర్లో బంతి పట్టుకుని గజం నష్టమైనా ఊరికే మోకాలు నేలకానిస్తామే, దాన్నీ పరుగుగానే ఆ లెక్కలో రాస్తున్నాం. పరిగెత్తినందుకు గెలవడం లేదు. గెలుస్తున్నాం కాబట్టి పరిగెడుతున్నాం."

"టీచరమ్మా, మీరెప్పుడైనా బంతి చేత్తో పట్టుకున్నారా?" అన్నాడు వెస్లీ. గదంతా గొల్లుమంది.

"ఊరంతా గొడుగులు తెరిచింది కాబట్టే వాన పడిందనే మనిషితో నాకేం వాదన?" అని పుస్తకం మూసేసింది.

వాదన మాత్రం ఆగలేదు. సెప్టెంబరంతా బేకరీలో కొలాచీలనే తీపి బన్నులు తింటూ పోట్లాడుకున్నారు. మీరు పోయి నువ్వు వచ్చింది. అక్టోబరుకల్లా ఆమెతో పోట్లాడని రోజు వెస్లీకి అన్నం సహించేది కాదు. అది ప్రేమేనని అతనికి తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు.

నవంబరు మొదటి సోమవారం మార్లా అతన్ని మైదానం పక్కన ఆపింది.

"ఒమాహా నగరంలో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం పొద్దున్నకల్లా చెప్పాలి. వద్దనడానికి ఇక్కడేమైనా కారణం ఉందా వెస్?"

వెస్లీ మైదానం వైపు చూపించాడు. "శుక్రవారం మధ్యాహ్నం ఆట గెలవనీ. అప్పుడు చెబుతాను."

"గడువు పొద్దున్నకైతే నీ జవాబు మధ్యాహ్నమా?" అంది మార్లా. "గెలిచాకే మోకాలు ఆనించడం మీకందరికీ అలవాటు," అని వెళ్లిపోయింది.

శుక్రవారం ఒకటే వాన. ఓడితే ఆ ఏటికి ఆట ముగిసినట్టే. హాఫ్ టైమ్‌కే పదిహేడు పాయింట్లు వెనకబడ్డారు. వెస్లీ పరిగెత్తమంటూనే ఉన్నాడు. కుర్రాళ్లు బురదలో పడుతూనే ఉన్నారు.

"ఇక విసిరించరా," అన్నాడు కోచ్, తన జన్మలో మొదటిసారి.

"నలభైకి ఇంకా ఎనిమిదే ఉన్నాయి కోచ్," అన్నాడు వెస్లీ. అతను లెక్కపెడుతున్నది ఆటను కాదు, మార్లాకు మాట చెప్పడానికి ఇంకా ఎన్ని పరుగులు మిగిలాయో.

ఇరవై నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

అందరూ వెళ్లిపోయాక గొడుగు వేసుకుని మార్లా వచ్చింది. "నలభై మూడు సార్లు పరిగెత్తాం. మీ గోడ లెక్కన మనమే గెలిచాం."

వెస్లీ బురదలోంచి బంతులు ఏరుతూనే ఉన్నాడు.

"ఒమాహాకి సరేనన్నాను. పొద్దున్నే."

ఇక అంతా అయిపోయిందనిపించింది వెస్లీకి. ఒక్క మాట నాలుగు రోజుల ముందు చెప్పి ఉంటే ఆమె ఇక్కడే ఉండేది. ఆ బురదలోనే మోకాలి మీద కూలబడ్డాడు.

"నువ్వంటే నాకు ప్రాణం మార్లా. ఆట పోయింది. నువ్వూ పోతున్నావు. ఇప్పుడు చెప్పి లాభం లేదని తెలుసు. అయినా చెబుతున్నాను."

ఆమె తడిసిన పుస్తకం తెరిచి ఏదో రాసింది.

"ఏం రాస్తున్నావు?"

"నలభై నాలుగు. వెస్లీ మోకాలు ఆనించాడు. ఒక గజం నష్టం." ఆమె కళ్లు నిండిపోయాయి. "ఓడిపోతూ ఆనించినవాడు పద్నాలుగేళ్ల పుస్తకాల్లో ఒక్కడూ లేడు."

"ఒమాహా మానేస్తావా?"

"మానను. మాట ఇచ్చాను."

"నాలుగు గంటల దారేగా. వారం వారం వస్తాను. నలభై సార్లు వస్తే అప్పుడైనా..."

"మళ్లీ నలభయ్యేనా?" గొడుగు అతని మీదికి వంచింది. తను తడుస్తోంది. "నలభై సార్లు వచ్చినంత మాత్రాన నేను దక్కను వెస్. దక్కాను కాబట్టి నువ్వు వస్తావు. ఇప్పటికైనా తెలుసుకో."

ఆ తేడా వెస్లీకి ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. అంతదాకా బురదలో మోకాలి మీదే ఉన్నాడు.