నీళ్ళు మార్చే రెండు రోజులు

నలభయ్యో నంబరు కారవాన్ వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

కొండ అంచున, సముద్రం వైపు, సెలవులకొచ్చేవాళ్ళ చక్రాల ఇళ్ళ వరసలో ఆఖరుది అది. దాని తర్వాత ముళ్ళ కంచె... కంచె అవతల గాలి. అంతే. అక్టోబరు నెలాఖరుకి ఆ వరసంతా ఖాళీ అయిపోతుంది. అప్పుడు ఆ కారవాన్‌లోంచి ఆడమనిషి నవ్వు వినపడుతుందని చెప్పుకునేవాళ్ళు. ఎప్పుడో పడవ మునిగి మొగుడు పోయిన జాలరి పెళ్ళామట... పిచ్చెక్కి ఆ అంచు మీదే తిరిగేదట. కుక్కల్ని తిప్పేవాళ్ళు కూడా ముప్పై ఎనిమిది దగ్గరే వెనక్కి మళ్ళేవాళ్ళు.

ఆ నలభై మ్యూరియెల్ వాళ్ళదే. వాళ్ళాయన ఎర్నీకి ఈ మాటలంటే భలే సరదా. "దెయ్యమైతే మంచిదేగా! ఎవరూ రారు, చేపలన్నీ మనకే" అనేవాడు.

నా స్నేహితురాలు మ్యూరియెల్ నాతో చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా. అది చనిపోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఇంక ఏదన్నా మర్చిపోయినా అడగడానికి మనిషి లేదు.

ఎర్నీ సెప్టెంబరులో పోయాడు, ఆస్పత్రిలో. పొద్దుణ్ణుంచీ మంచం పక్కనే కూర్చున్న మనిషి, ఒక్క కప్పు టీ తాగొద్దామని కిందకి దిగింది... పైకొచ్చేసరికి దుప్పటి మొహం మీదకి లాగేశారు. నలభై ఆరేళ్ళ కాపరం. పోతున్నానని ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాట కోసమే మ్యూరియెల్ తపించిపోయింది. తిండి లేదు, నిద్ర లేదు.

ఇంతలో అక్టోబరు ఆఖరొచ్చింది. ఏటా ఆ రోజుల్లో ఎర్నీ ఒక్కడే కారవాన్‌కి వెళ్ళి రెండు రోజులుండి వచ్చేవాడు, హీటర్ నీళ్ళు మార్చడానికి. మంచాల కింద, గోడల వెంబడి గొట్టాలుంటాయి కదా, వాటిలో గడ్డకట్టకుండా మందు కలిపిన గులాబీ రంగు నీళ్ళు తిరుగుతాయి. అవి వేడెక్కితేనే లోపల వెచ్చగా ఉండేది. మంచు పడకముందే మార్చాలి అనేవాడు. "నువ్వు రాకే. ఆ మందు వాసనకి నీకు తల తిరుగుద్ది" అనేవాడు. సరేనని, మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చేది. పెద్దదే. ఇద్దరికి సరిపోయేంత... రెండు రోజులు తినాలిగా అని.

ఈ ఏడు ఎవరు మారుస్తారు? ఆయన చేసే పని ఆగిపోకూడదని మ్యూరియెల్ తనే బయల్దేరింది.

అక్కడ అందరి హీటర్లూ చూసేది విల్ఫ్. ఎర్నీకి ప్రాణస్నేహితుడు. మ్యూరియెల్ బస్సు దిగి రావడం చూసి తెల్లబోయాడు.

"వదినా! మీరేంటి ఇప్పుడు?"

"నీళ్ళు మార్చాలిగా. కాస్త ఆ పని నువ్వే చేసిపెట్టు నాయనా."

"చేస్తా, చేస్తా... దానికి మీరుండక్కర్లేదు. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోండి. అసలే ఈ రోజుల్లో ఇక్కడ... తెలుసుగా."

"డెబ్భై ఒకటొచ్చాయి నాకు. దెయ్యం నన్ను పట్టుకుని ఏం చేసుకుంటుంది? గిన్నెలు తోమించుకుంటుందా?"

అతను నవ్వలేదు. రేపు చూద్దాం అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి...

హీటర్ వేసుకుంది. దీపం ఆర్పి పడుకుంది. బయట గాలి. కింద సముద్రం.

గుళక్...

కళ్ళు తెరిచింది.

గుళక్... గుళక్... ఎవరో చీకట్లో నించుని నీళ్ళు తాగుతున్నట్టు. కాళ్ళ దగ్గర మొదలైంది ఆ చప్పుడు. మెల్లిగా గోడ వెంట నడిచింది... నడుము దాకా... భుజం దాకా... వచ్చి వచ్చి, ఎర్నీ పడుకునే పక్కన, ఆయన దిండు వెనకాల ఆగిపోయింది.

తర్వాత మంచం కింద — టక్. టక్. టక్.

దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఆ దిండు వైపు తిరిగింది.

"ఎర్నీ...?"

నిశ్శబ్దం... నిశ్శబ్దం...

టక్.

నాతో ఏమందో తెలుసా? "భయం అక్కడితో పోయిందే. వచ్చాడు అనుకున్నా" అంది.

మర్నాడు విల్ఫ్ రాలేదు. పని ఉందని కబురు పంపాడు. మ్యూరియెల్‌కి అదే మంచిదనిపించింది. రాత్రి ఎప్పుడవుతుందా అని కూర్చుంది. తల దువ్వుకుంది. టీ రెండు కప్పుల్లో పోసింది. దీపం ఆర్పింది.

గుళక్... గుళక్... వచ్చాడు. కాళ్ళ దగ్గర్నించి దిండు దాకా.

"ఆ రోజు టీకి పోవాల్సింది కాదు నేను" అని గుసగుసగా మొదలుపెట్టింది. "ఒక్క పది నిమిషాలు... ఓర్చుకోలేకపోయా. కోపమొచ్చిందా?"

స్స్... మని నిట్టూర్పు లాంటిది గోడలోంచి.

"క్షమించావా? క్షమిస్తే ఒక్కసారి కొట్టు."

చాలాసేపు ఏం లేదు. ఊపిరి బిగబట్టి వింటోంది...

టక్.

తెల్లారేదాకా ఏడుస్తూనే ఉంది. సంతోషంతో. ఇల్లు వదిలేసి ఇక్కడికే వచ్చేస్తానని, చచ్చేదాకా ఈ మంచం మీదే పడుకుంటానని ఆ గోడకి మాటిచ్చింది.

పొద్దున్నే విల్ఫ్ దగ్గరికి తనే పోయింది. మొహం వెలిగిపోతోంది. "నీళ్ళు మార్చొద్దు ఏమీ వద్దు. అన్నీ అలాగే ఉండనీ. మీ అన్న వచ్చాడురా. నాతో మాట్లాడాడు."

విన్నాడు. మొత్తం విన్నాడు. తల పట్టుకున్నాడు.

"వదినా... అది అన్న కాదు. గాలి."

"గాలేంటి?"

"గొట్టాల్లో గాలి ఇరుక్కుంటే అలాగే గుళగుళమంటుంది. వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు గొట్టం సాగి, ముడుచుకుని టకటక కొడుతుంది. ఈ ఊళ్ళో సగం కారవాన్లు రాత్రిపూట మాట్లాడతాయి."

"నేనడిగితే కొట్టాడు!"

"అడక్కపోయినా కొట్టేది."

మ్యూరియెల్ ఒప్పుకోలేదు. చూపించమంది. ఇంక తప్పక పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. కారవాన్ ముందు చక్రం పిడి తిప్పి ముక్కు పైకి లేపాడు. గాలంతా పైకి చేరాలిగా. లోపలికొచ్చి, మంచం పలక తీసి, గొట్టం మీద చిన్న మర వదులు చేశాడు.

స్స్... అదే నిట్టూర్పు. రాత్రి విన్న నిట్టూర్పే.

మ్యూరియెల్ మంచం అంచున కూలబడింది.

కాసేపటికి గాలి పోయి నీళ్ళొచ్చాయి. విల్ఫ్ కప్పు పట్టాడు. గులాబీ రంగు ఏదీ? మట్టి రంగు. చిక్కగా, అడుగున తుప్పు, మురిగిన వాసన.

"ఇవి..." అని నోరుజారబోయి ఆపేశాడు.

"ఏంటవి?"

"ఏం లేదు వదినా."

"కొత్త నీళ్ళు ఇలా ఉంటాయా? పోయినేడేగా మార్చాడు. ఏటా మార్చేవాడు!"

విల్ఫ్ కప్పు కింద పెట్టాడు. అలమర తలుపు లోపల అంటించిన కాగితం చూశాడు. నీళ్ళు మార్చినప్పుడల్లా తారీఖు రాయాల్సింది అక్కడే. పన్నెండేళ్ళ కిందటి తారీఖు ఒక్కటే ఉంది, కారవాన్ తయారుచేసినవాళ్ళు వేసింది. దాని కింద గళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఏటా మార్చక్కర్లేదు వదినా వీటిని" అన్నాడు చిన్నగా. "అయిదేళ్ళకోసారి చాలు. అదీ ఒక్క పూట పని."

ఒక్క పూట.

మ్యూరియెల్ వేళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలెట్టి ఆపేసింది.

"ఎవరు?" అంది.

"నాకు పేరు తెలీదు."

"నాకెందుకు చెప్పలేదురా? ఏటా మా ఇంటికొచ్చి క్రిస్మస్ భోజనం చేశావే నా చేత్తో!"

"అన్న ఒట్టు వేయించుకున్నాడు..."

"మరి ఆ నవ్వు? జాలరి పెళ్ళాం?"

విల్ఫ్ నేల చూపులు చూశాడు. "ఆ దెయ్యం కథ ఎర్నీయే పుట్టించాడు. ఎవరూ ఇటు రాకుండా. మేం ఊఁ కొట్టాం."

మ్యూరియెల్ ఆ కప్పు అతని ముందుకి తోసింది. "మిగతా పని కానియ్. ఆ మురికి చుక్క మిగలకూడదు."

విల్ఫ్ సాయంత్రం దాకా కష్టపడ్డాడు. పాతవి పారబోశాడు, కొత్తవి పోశాడు, ప్రతి మూలా గాలి తీసేశాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర నించుని, "ఇవాళ మా ఇంట్లో పడుకోండి వదినా... మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. మ్యూరియెల్ తలుపేసి తాళం తిప్పింది.

దీపం ఆర్పింది. పడుకుంది.

కాళ్ళ దగ్గర ఏమీ లేదు. గోడలో ఏమీ లేదు. దిండు వెనకాల... ఏమీ లేదు.

"ఇప్పుడు చెప్పు" అంది చీకట్లోకి. "ఇప్పుడు కొట్టు, చూద్దాం."

వెచ్చగా, మెత్తగా, చప్పుడు లేకుండా నీళ్ళు తిరుగుతున్నాయి.

ఎంత నిశ్శబ్దమంటే... బయట గులకరాళ్ళ మీద అడుగులు, అంత దూరాన ఉండగానే వినపడ్డాయి. ముప్పై ఎనిమిది దగ్గర ఆగలేదు. ముప్పై తొమ్మిది దాటాయి.

మెట్టు కిర్రుమంది.

తాళంలో తాళంచెవి తిరిగింది.

మ్యూరియెల్ తాళంచెవి తన సంచిలో ఉంది. ఎర్నీది ఆస్పత్రివాళ్ళిచ్చిన కవర్లో, ఇంటి దగ్గర.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి. ఆడమనిషి నీడ. దీపం కోసం తడుముకోలేదు... ఆ చీకట్లోనే కోటు విప్పి, తలుపు వెనక కొక్కేనికి సరిగ్గా తగిలించింది. చెవి ఒగ్గి ఒక్క క్షణం వింది. తర్వాత నవ్వింది — అందరూ చెప్పుకునే ఆ నవ్వే.

"ఏంటి ఎర్నీ, ఇంత నిశ్శబ్దంగా ఉంది? ఆ గొట్టాలు చచ్చాయా?"