సుడులు మాయమైన గాజుతొట్టి

డిటెక్టివ్ అంబదాస్ ఇంకా చాయ ముట్టనే లేదు. కరీంనగర్‌లో ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసే కైలాసం లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పుకుపోయాడు.

పారే నీటిలో సుడులు ఎలా పుడతాయన్నది ఆయన పరిశోధన. ఇంటి ముందుగదిలో పొడవాటి గాజుతొట్టి కట్టించి, గోదావరి ఒండ్రుమట్టి కలిపిన నీళ్లు అందులో పారిస్తాడు. మట్టి ఉంటేనే సుడి కంటికి కనబడుతుంది. రెండు రోజులుగా తెల్లారేసరికి ఆ నీళ్లు తేటపడిపోతున్నాయి. రేపే హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ వస్తున్నాడు. సుడి చూపించకపోతే పరిశోధన సీటు దక్కదు.

"మా దోస్తు రాజయ్యే చేసిండు సార్. గా సీటు మీద ఆయనకూ కన్నున్నది. రోజూ పొద్దుగూకంగ మా ఇంటికి వస్తుండు."

అంబదాస్ తన అసిస్టెంటు కొండల్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వానాకాలం, ఊళ్లో నల్లాలన్నిట్లో ఎర్రనీళ్లే. మనవణ్ణి చూసుకోవడానికి గోదావరి ఒడ్డునున్న మంథని నుంచి వచ్చిన కైలాసం తల్లి సత్తమ్మ, కాలితో ఉయ్యాల ఊపుతూనే ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది. ఇంత తేటనీళ్లు ఊళ్లో ఎక్కడా లేవని కొండల్ మెచ్చుకుంటే మురిసిపోయింది.

తొట్టిలో నీటిమట్టం గీత దగ్గరే ఉంది. మట్టి మాత్రం విరిగిన పాలలా తరకలుకట్టి అడుక్కు దిగింది. అంబదాస్ పెరట్లోకి వెళ్లి, అక్కడి సానరాయి తడిమి చూసి, రాజయ్యను పిలిపించమన్నాడు.

రాజయ్య ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "నాకు సీటు గావాలె, నిజమే. గని దోస్తు తొట్టిల చెయ్యి వెట్టేటోణ్ణి గాదు."

అందరినీ తొట్టి చుట్టూ నిలబెట్టి అంబదాస్ విప్పి చెప్పాడు. పగ ఉన్నవాడు నీళ్లు పారబోస్తాడు, లేదా గాజు పగలగొడతాడు. ఇక్కడ నీళ్లూ పోలేదు, మట్టీ పోలేదు. ఎర్రనీళ్లు వచ్చినప్పుడు గోదావరి ఒడ్డువాళ్లు చిల్లగింజ సానమీద అరగదీసి కలుపుతారు. మట్టి అడుక్కు పోతుంది. కొండల్ తాగిన నీళ్లు అలా తేరినవే. సాన ఇంకా తడి ఆరలేదు.

కొండల్ తన చేతిలోని గ్లాసునూ అంబదాస్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకు కలిపినవ్ అవ్వా?" అంబదాస్ మెల్లగా అడిగాడు.

సత్తమ్మ కొంగు సర్దుకుంది. "పట్నం నుంచి పెద్దసారు వస్తుండంటిరి. గింత మురికినీళ్లు వెట్టుకున్నడని నా కొడుకును చిన్నచూపు చూస్తడని ఫికరైంది బిడ్డా. జర మంచిగ కనవడాలెనని కలిపిన."

ముందు నవ్వింది రాజయ్యే. కైలాసం తలెత్తలేకపోయాడు. రాజయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. "నడువ్, నీళ్లు మార్చి మట్టి కలుపుదాం. సీటు ఎవ్వలకచ్చినా సక్కగ రావాలె."

మర్నాడు నీటి వేగం పెంచేకొద్దీ మట్టిచారలు వంకరపోయి, సుడులై విడిపోయాయి. ప్రొఫెసర్ ముక్కు గాజుకు తగిలేంతగా వంగి చూస్తూ ఉండిపోయాడు. తలుపు వెనక సత్తమ్మకు కాలు నిలవలేదు.

"గవి తాగేటివి గావు సారూ. నావోడు కావాల్ననే మురికి జేసిండు."

ప్రొఫెసర్ నవ్వుతూనే నడుమెత్తి, పరిశోధనలో ఎప్పుడు చేరతావని కైలాసాన్ని అడిగాడు.