ఎదురుబదురు కాని కుర్చీలు

“పాపను ఒంటరిగా ఎందుకు వదిలారండీ?” అన్నాడు లెక్కల మాస్టారు.

మరుక్షణమే అతని వెనక కుర్చీలో కూర్చున్నామె రిసీవర్ ఠపీమని పెట్టేసింది.

“మీరు ఫెయిల్!”

తల్లిదండ్రుల కోసం నడిచే హెల్ప్‌లైన్‌లో వాలంటీర్ల శిక్షణకు అది చివరిరోజు. ఫోనులో ముఖాలు కనబడవు గనక సాధనలోనూ కనబడకూడదని కుర్చీలు వీపులు కలిపి వేస్తారు. ఒకరు ఫోన్ చేసిన తల్లో తండ్రో అవుతారు, రెండోవారు వింటారు. ఇందులో నెగ్గినవారికే సోమవారం ఫోను దగ్గర చోటు. ఆ చోటు కోసం మాస్టారు ఆరు వారాలుగా బడి వదలగానే పరుగెత్తుకొస్తున్నాడు. శిక్షణ ఇచ్చేది పిల్లల వార్డు నర్సు కావడం ఆ పరుగుకు రెండో కారణం. ఇప్పుడు తల్లి వేషంలో వెనక కుర్చీలో ఉన్నది ఆమే.

“ఒక్క ప్రశ్నకే ఫెయిలా? మేం సున్నా వేయడానికైనా పేపరు మొత్తం దిద్దుతామండీ!”

“అది ప్రశ్న కాదు, బోనెక్కించడం! పాప మూడు గంటలుగా ఏడుపు ఆపడం లేదు, తొట్లో పడుకోబెట్టి అవతలికొచ్చేశానని చెప్పానా లేదా?”

“చెప్పారు. పిల్లకేమైనా అయితే?”

“వదిలి వచ్చింది గనకే ఏమీ కాలేదు! ఎత్తిన చెయ్యి దించుకుని గది దాటింది ఆ తల్లి. అంత పని చేసి ఫోన్ చేస్తే, అవతలివారూ సరిగ్గా మీరడిగిందే అడిగారు. ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆవిడ మా అక్క.”

ఆమె కోపానికి మూలం తెలిశాక, తన కోపం నిలబెట్టుకోవడానికి మాస్టారికి ఆధారం దొరకలేదు.

“ఆ ఏడాది… మీకెలా గడిచిందండీ?”

ఆమెను ఆ మాట అడిగినవారు అంతవరకు లేరు. డ్యూటీ దిగి అక్క ఇంటికి తీసిన పరుగులు, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చిన ఏడుపులు అన్నీ చెప్పింది. అతడు వెనుదిరిగి చూడలేదు. ఒక్క సలహా ఇవ్వలేదు.

చివరికి ముక్కు తుడుచుకుని, “పాసయ్యారు” అంది.

మాస్టారు దిగ్గున లేచాడు. “మార్కుల కోసం అడిగాననుకున్నారా? నాకక్కర్లేదు ఆ పాసు. మళ్ళీ పెట్టండి పరీక్ష!”

“అబ్బో, పొగరు!” ఆమె కూడా లేచింది.

“ఉంది. కూర్చోండి.”

ఈసారి ఆమె కావాలనే మహా మొండి తండ్రిగా విరుచుకుపడింది. అతడు విన్నాడు, నెగ్గాడు. అందుచేతనే సోమవారం ఫోను మోగినప్పుడు ఎత్తింది అతడే. అవతల ఒక తండ్రి నలభై నిమిషాలు మాట్లాడి, తేలికపడి పెట్టేశాడు. మాస్టారి చెయ్యి మాత్రం రిసీవర్ మీదే ఉండిపోయింది. పక్కన ఇయర్‌ఫోన్‌తో వింటున్న ఆమె ఆ చేతిని పట్టుకుంది, వదలడం మరిచిపోయింది.

“మా అమ్మకి మీ గురించి చెప్పేశాను” అన్నాడు మాస్టారు.

“నన్నడక్కుండానా! ఏమని?”

“నామీద ఇంత న్యాయంగా మండిపడే మనిషి మరొకరు దొరకరని.”

“ఆవిడేమన్నారు?”

“ఆదివారం తీసుకురా అంది.”

“తీసుకెళ్ళడానికి నేనేం చేతిసంచీనా?” ఆమె కళ్ళెర్రజేసింది. “దారి చెప్పండి. నేనే వస్తాను.”