వెనక నుంచి పిలవని అమ్మ

గవరమ్మ పొద్దున్నే పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తోంది. కూతురు బుల్లమ్మ తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఎల్తన్నాను. డెలానీపూర్ గ్రౌండ్లో ఈరోజే మేచ్. వస్తావు కదా?"

గవరమ్మ తల మాత్రం ఊపింది. బిడ్డ గేటు దాటి జంగ్లీఘాట్ సందు మలుపు తిరిగేదాకా తలెత్తలేదు. జాగ్రత్త అన్న ఒక్క మాట కూడా ఆమె నోటి వెంట రాలేదు.

పదమూడేళ్ల పిల్ల వాలీబాల్ టీములో చేరి రెండు నెలలైంది. ఆడపిల్ల నిక్కరు వేసుకుని గెంతడమేమిటని గవరమ్మ మొదట్లో ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత ఓ సాయంత్రం బడి పక్కగా వస్తూ, తన కూతురు గాల్లోకి ఎగిరి బంతిని కొట్టడం చూసింది. గంప నెత్తిన పెట్టుకునే అరగంట నిలబడిపోయింది. ఆ పూట సగం చేపలు అమ్ముడుపోలేదు. ఎందుకని అడిగిన మొగుడికి బేరాల్లేవని అబద్ధం చెప్పింది. అంత సంబరం ఆ పిచ్చితల్లికి!

చేపలు పట్టే వాళ్ల ఇళ్లలో సముద్రం మీదికి వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవరు. గవరమ్మ మొగుడు నూకన్న పాతికేళ్ల కింద వైజాగులో ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు ఆ ఆచారమూ వెంట వచ్చింది. గవరమ్మ అయితే ఆరేళ్లుగా బజారుకెళ్లే మొగుణ్నీ పిలవదు, బడికెళ్లే పిల్లనూ పిలవదు. ఎందుకో బుల్లమ్మకు తెలియదు.

మేచ్ దగ్గర తల్లులందరూ గొంతులు చించుకున్నారు. పక్కింటి కాళమ్మ అయితే కూతురి పేరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. గవరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆఖర్లో బంతి చాలా ఎత్తుకు లేచింది. బుల్లమ్మ దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి పరుగెత్తింది. వెనక సిమెంటు గట్టుంది. గవరమ్మ చూసింది. బిడ్డ వీపు తనవైపే ఉంది. లేచి నిలబడింది, నోరు తెరిచింది, మాట రాలేదు.

కాలు గట్టుకు తగిలి, మెలితిరిగి బోర్లా పడిన పిల్లకు గడ్డం చీలింది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక గవరమ్మ పాలు కాచి తెచ్చింది. బుల్లమ్మ గ్లాసు తోసేసింది.

"నువ్వు చూసినావంట. కాళమ్మత్త చెప్పింది. ఒక్క కేక వెయ్యలేకపోనావా?"

"బుల్లీ..."

"సబ్ చిల్లాయించారు, నువ్వు తప్ప! నీకు నానంటే ఇష్టం లేదు. బస్, ఇంక నా మేచ్‌కి రావొద్దు. నాకేటీ సెప్పొద్దు."

గవరమ్మ నేల మీద కూలబడింది. ఉన్నది ఈ ఒక్క బిడ్డ. అదీ చెయ్యి జారిపోతోందనిపించి ఆమె గుండె చెరువైంది.

"మీ అన్న గోయిందుని నానే ఎనక నుంచి పిలిసానే. సద్దిగిన్నె మరిసిపోయి డోంగీ పడవ కాడికి ఎల్తంటే, ఒరే గోయిందా అని కేకేశాను. నవ్వుతా పరిగెత్తుకొచ్చి తీసుకెల్లినాడు. పిలిసినందుకు మీ నాన్న నన్ను కసిరినాడు. ఆ రోజే డోంగీ తిరగబడిపోనాది. మీ నాన్న ఒక్కడే ఒడ్డుకొచ్చినాడు. నా నోరే మింగేసినాది నా కొడుకుని. ఇయాల నిన్ను పిలుద్దామంటే నా నోరు కట్టేసినట్టయిపోనాదే!"

బుల్లమ్మ కోపం ఎటు పోయిందో. అన్న పోయినప్పుడు ఆమెకు ఏడేళ్లు. ఆ పొద్దుటి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అరుగు మీద వల అల్లుతున్న నూకన్న లోపలికొచ్చాడు. ఆరేళ్లుగా కొడుకు పేరెత్తని మనిషి గవరమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"కసిరింది నిజిమేనే. ఆ మాట ఎనక్కి తీసుకుందామంటే నాకు నోరు రానేదు. నువ్వు లోపల ఇంత మోస్తన్నావని ఎరగను." ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మజ్జాన్నం ఆడు ఆ సద్ది తిన్నాడే. గాలి లేసింది ఆ తరవాతే. నువ్వు పిలవకపోతే ఆకలితోనే పోయేవోడు బిడ్డ."

గవరమ్మ తలెత్తింది. ఒడ్డుకొచ్చిన మొగుణ్ని మొదటి రోజే అడగాలనుకుని అడగలేకపోయిన మాట అది.

"తిన్నాడా?"

"మెతుకు మిగల్చలేదు. నాకో ముద్దైనా పెట్టలేదని తిట్టాను కూడా."

గవరమ్మ నవ్వబోయి భోరుమంది. "నా గోయిందా, నా తండ్రీ" అంటూ వాకిలి వైపు చేతులు చాచింది. కొడుకు పోయాక వాడి పేరు ఆ ఇంట్లో గట్టిగా వినబడటం అదే మొదలు. నూకన్న కూడా తల బాదుకుని ఏడ్చాడు.

బుల్లమ్మ తల్లి ఒళ్లో తల పెట్టింది. కట్టు కట్టిన గడ్డం నొప్పిగా ఉన్నా కదల్లేదు.

"కుట్లు ఇప్పినాక మళ్లీ ఆడతానమ్మా. నువ్వు రా. నోరు రాకపోతే పర్లేదు, ఊరికే నాకు కనబడేలా కూసో."

గవరమ్మ బిడ్డ తల నిమురుతూ ఉండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా ముగ్గురిలో ఎవరూ లేవలేదు.