మెట్ల మీద కమలా వాసన

పై అంతస్తులో ఏదో ఢామ్మని పేలింది. ఆ వెంటనే బాల్కనీలో ఆరేసిన తెల్ల గౌను మీద చిటపటమంటూ పసుపు నీళ్ళు కురిశాయి. మర్నాడు కస్టమరుకి ఇవ్వాల్సిన గౌను అది! టైలరమ్మాయి మెడలో టేపైనా తీయకుండా గబగబా మెట్లెక్కింది.

తలుపు తీసినవాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కుర్రాడు. ఈమధ్యే అద్దెకి దిగాడు. జుట్టునిండా కమలా తొక్కలు.

"ఏంటండీ ఇది? ఇంట్లో బాంబులు చేస్తున్నారా?"

"అబ్బే, ఫ్లోర్ క్లీనరండీ! కమలా తొక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి సీసాలో పోసి బాల్కనీలో ఊరబెట్టాను. రోజూ మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి. మర్చిపోయి బిగించేశాను." నసుగుతూనే ఆమె ముఖంలోకి చూశాడు. "మీ కళ్ళేంటి అంత ఎర్రగా ఉన్నాయి? ఓసారి పవర్ చెక్ చేయించుకోకూడదూ?"

"అది పవర్ కాదు, కోపం!"

అతను నవ్వేశాడు. నవ్వితే బాగుంటాడని తెలిసొచ్చి ఆమెకి ఇంకాస్త ఒళ్ళు మండింది.

మరక ఒక్క ఉతుకుతోనే వదిలింది. ఆ ముక్క చెప్పొస్తానని వెళ్ళి అరగంట కూర్చుంది. ఆ తర్వాత వంకలకేం కొదవ? వంక దొరకాలే గానీ మెట్లు ఎంతసేపు!

ఓ రోజు మాటల్లో తన బాధ కూడా చెప్పుకుంది. వాళ్ళ నాన్నకి ఉబ్బసం. మెట్లు తుడిచే ఫినాయిల్ ఘాటుకి గడప దాటితే చాలు, ఊపిరాడదు. ఏడాదిగా ఆయనకి కిటికీయే లోకం. స్కూలు యూనిఫాంల ఆర్డరు పూర్తికాగానే ఇల్లు ఖాళీ చేసి అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నారు.

"కస్టమర్లందరూ పోతారు. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి," అంది. అతని నవ్వు కూడా దూరమవుతుందన్న మాట మాత్రం పైకి అనలేదు.

అతను 'ఊఁ' అన్నాడంతే. వెళ్ళొద్దని ఒక్క మాటైనా అనలేదు. ఆమె మనసు చివుక్కుమంది. ఆ రోజునుంచి పైకి వెళ్ళడం మానేసింది.

ఆర్డరు పూర్తయింది. సామాను సర్దడం మొదలైంది. ఓ వానపొద్దున ఆమె లేచి చూస్తే నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పుల్లేకుండానే కిందికి పరిగెత్తింది.

నాన్న గుమ్మం దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా వాన చూస్తున్నాడు. పక్కనే కళ్ళజోళ్ళబ్బాయి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఆఖరి మెట్టు తుడుస్తున్నాడు. ఫినాయిల్ ఘాటు లేదు. సన్నగా కమలా వాసన, అంతే.

"నాన్నా! ఆయాసం?"

"రాలేదే తల్లీ! ఇంటి ఓనరుని బతిమాలి ఈ అబ్బాయే ఫినాయిల్ మాన్పించాడట. వారం నుంచి మనం లేవకముందే తన నీళ్ళతో తనే తుడుస్తున్నాడు. ఇందాక తలుపు కొట్టి, 'రండి బాబాయిగారూ, వాన చూద్దాం' అన్నాడు."

ఆమెకి కళ్ళు నిండిపోయాయి. "నాకు చెప్పలేదేం?"

"మళ్ళీ పేలితే మీ చేతిలో చీవాట్లు తినే ఓపిక లేదండీ."

సాయంత్రం ఆమె పైకి వెళ్ళింది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను. ఏం అడిగినా కాదనను," అంది.

అతని నవ్వు ఆగిపోయింది. "అడగాలని ఎప్పట్నుంచో ఉంది. ఇవాళ మాత్రం అడగను. థాంక్స్ కింద ఔనంటారు. అలాంటి ఔను నాకొద్దు."

ఆమె నెమ్మదిగా అంది.

"మా నాన్నకి మందులిచ్చే డాక్టరుగారికీ నేను రుణపడే ఉన్నాను. ఆయన్ని తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. మిమ్మల్ని తలుచుకుంటే కుట్టు వంకర పోతోంది. రెండూ ఒకటేనంటారా?"

"అంటే..."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడుగుతున్నాను. ఇంతకన్నా విడమరిచి చెప్పడం నా వల్ల కాదు, బాబూ!"

అతను నోరు తెరిచేలోగా తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా నాన్న. ఒక అంతస్తు మొత్తం ఎక్కి వచ్చాడు, ఒక్కడే!

అతను కంగారుగా కుర్చీ లాగాడు.

"కూర్చోడానికి రాలేదు నాయనా, అడగడానికొచ్చాను. ఆ సామాను విప్పేయమని మా అమ్మాయికి చెప్పు. దాన్ని చేసుకుంటావా?"

అతను సిగ్గుపడిపోయాడు. "మీరు ఒక్క నిమిషం ఆలస్యం, బాబాయిగారూ. మీ అమ్మాయి ఇప్పుడే అడిగేశారు. నేను ఔననబోతున్నాను."

నాన్న పగలబడి నవ్వాడు. దగ్గొస్తుందేమోనని అలవాటుకొద్దీ ఆమె మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. దగ్గు రాలేదు. ఆయన తనివితీరా నవ్వుతూనే ఉన్నాడు.