ఆరేదాకా అడుగు పెట్టొద్దు

సిద్దిపేట బస్టాండు దగ్గర ఉన్న ఆ మూడంతస్తుల కాంప్లెక్సుకు విజయరాణి మేనేజరు. పై అంతస్తులో కిటికీల్లేని పెద్ద హాలు, గోడ నుంచి గోడకు కార్పెట్, ఒక్కటే అద్దాల తలుపు. కార్పెట్ నుంచి చల్లారిన బూడిద లాంటి వాసన. సోమవారం ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు హాలును కిరాయికి చూసుకోవడానికి వస్తున్నారు.

"వాసన పోకపోతే వాళ్లు పోతరు. వాళ్ల ఎనక నువ్వు పోతవ్," అన్నాడు ఓనర్ రాజేంద్రప్రసాద్. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు సంగతి ఆమెకు తెలుసు.

ఆదివారం పొద్దున ఇద్దరు వచ్చారు. వేడినీళ్ల మెషీన్‌తో ఓంప్రకాశ్, పొడి మందుతో లింగమూర్తి.

"నీళ్లు కొడితే అడుగుదాక నానుతది మేడమ్, రేపటికి ఆరదు," అన్నాడు లింగమూర్తి. "నాది చల్లి, కాసేపు ఇడిసిపెట్టి, మెషీన్‌తోని గుంజుడే."

"పౌడర్ కొట్టుకుంటే మొఖం తెల్లగైతది. మురికి పోతదా?" అన్నాడు ఓంప్రకాశ్.

విజయరాణి ఇద్దరినీ నమ్మలేదు. ముందు పొడి సంగతి చూద్దామంది. లింగమూర్తి వెనక్కి వెనక్కి నడుస్తూ హాలంతా తెల్లగా చల్లి బయటికొచ్చాడు. ఆమె తాళం వేసి, తాళంచెవి పర్సులో వేసుకుని, తలుపుకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది. మగవాళ్లు చాయ్‌కి దిగిపోయారు.

ఊడ్చే దుర్గవ్వ అద్దంలోంచి తొంగి చూసింది.

"ఎవ్వల కోసం వోసిన్రమ్మా?"

"ఏంది?"

"మాకాడ మనిషి పోయిన జాగల గిట్లనే పిండి వోస్తం. తెల్లారి సూస్తే అడుగులు పడి ఉంటయ్."

"గిది కార్పెట్ మందు. నీ పని చూస్కో."

ఓసారి ఫోనొస్తే విజయరాణి మెట్ల దాకా వెళ్లొచ్చింది. అంతే. తిరిగొచ్చి కూర్చోగానే కరెంటు పోయింది. వరండా చీకటైంది. వెనక, అద్దం అవతల, ఎవరో పిండి జల్లిస్తున్నట్టు మెత్తని చప్పుడు... ఆగింది. మళ్లీ... ఈసారి దగ్గరగా.

ఫోన్ లైటు వేసి అద్దానికి ఆనించింది.

అడుగులు. చెప్పుల్లేని పాదాలు. అవతలి మూల నుంచి బయల్దేరి తలుపు దాకా వచ్చాయి. వెనక్కి పోయిన జాడ లేదు.

ఆమెకు భయం కాదు, ఒళ్లు మండింది. ఓంప్రకాశ్ దగ్గర మారు తాళంచెవి ఉండుంటుంది, పక్కవాడి పని చెడగొట్టడానికి. కరెంటు రాగానే ఇద్దరినీ పైకి పిలిపించి తలుపు తీసింది.

"చెప్పులు ఇడువు. పొడి మీద కాలు పెట్టు."

ఓంప్రకాశ్ పాదం చాటంత పడింది. లింగమూర్తిది చదును పాదం. దుర్గవ్వ చేత కూడా పెట్టించింది. మడమంతా పగుళ్లు. ఏదీ కలవలేదు. లోపలి అడుగులు సన్నవి. ఎడమ పాదానికి నాలుగే వేళ్లు.

"మీది గుడ పెట్టి సూడున్రి," అంది దుర్గవ్వ మెల్లగా.

విజయరాణి నవ్వబోయింది. ఎడమ చెప్పు విడిచి ఆ అడుగు పక్కనే కాలు పెట్టి తీసింది.

చిన్నప్పుడు బర్రె తొక్కి విరిగిన చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి అట్లాగే అతుక్కుపోయింది. అది నేలను తాకదు.

నాలుగే వేళ్లు పడ్డాయి.

దుర్గవ్వ రెండడుగులు దూరం జరిగింది.

"మొత్తం నీళ్లతోని కడుగు," అంది విజయరాణి ఓంప్రకాశ్‌తో. గొంతు తనది కానట్టు వచ్చింది.

"నా పొడి ఏం పాపం చేసింది మేడమ్?" అన్నాడు లింగమూర్తి. ఆమె విడిచిన చెప్పు తొడుక్కుంది.

సాయంత్రానికి తెలుపు పోయింది, అడుగులు పోయాయి, వాసనా పోయింది. ఫ్యాన్లన్నీ వేయించి తనే తాళం వేసింది. "ఆరేదాకా ఎవ్వరూ అడుగు పెట్టొద్దు," అని గట్టిగా చెప్పి ఇంటికొచ్చింది. రేపటి గండం గట్టెక్కినట్టే.

చాయ్ పెట్టుకుంటుంటే ఓంప్రకాశ్ ఫోన్. గొంతు బాగా తగ్గించాడు.

"పైపు మర్సిపోయి మళ్ల వచ్చిన మేడమ్. అడుగు పెట్టొద్దని మీరే అంటిరి గదా... మీరే లోపల చెప్పుల్లేకుంట తడి మీద తిరుగుతున్నరేంది? అద్దం కొడ్తున్న, ఇటు సూస్తలేరు. అందుకే ఫోన్ చేసిన."

విజయరాణి పర్సు తడిమింది. తాళంచెవి ఉంది.

"నేను ఇంట్లున్న, ఓంప్రకాశ్," అంది. "నువ్వు కిందికి దిగు. ఇప్పుడే."

అవతల ఊపిరి చప్పుడు. తర్వాత... తలుపు తెరుచుకున్న చప్పుడు.

ఆ వెనకే ఇంకో గొంతు వినబడింది. చిరాగ్గా, అచ్చం ఆమెలాగే.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్? పెట్టెయ్."

ఓంప్రకాశ్ పెట్టేశాడు.