పద్నాలుగు సార్లు తెరిచిన తలుపు

"మా వాళ్ళు లోపల ఉన్నారండీ. ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

ల్యాబ్ తలుపు జానెడు తెరిచి చూసిన ఆమెకు ముందు రెండు చంకకర్రలు కనిపించాయి. తర్వాత వాటి మధ్య వేలాడుతున్న మనిషి కనిపించాడు. చొక్కా మీద నీలం, పసుపు మరకలు. ఎన్ని ఉతుకులకైనా లొంగని రకం.

"ఇది వార్డు కాదు. ఇక్కడ పేషెంట్లు ఉండరు."

"పేషెంట్లు కాదండీ, నా సెల్స్. సోమవారం నా తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ లాగారు. అందులో స్టెమ్ సెల్స్ ఉంటాయట, వాటిని మీ దగ్గర పెంచుతారట. కన్నవాడిని, చూసుకోవద్దా?"

"కన్నారా?"

"నొప్పి మాత్రం ఆ స్థాయిలోనే వచ్చిందండీ."

ఆమెకు నవ్వొచ్చింది. ముఖానికి మాస్క్ ఉంది కాబట్టి పరువు దక్కింది.

"లోపలికి ఎవరూ రాకూడదు. మీతో పాటు వచ్చే క్రిములు మీ సెల్స్‌ని తినేస్తాయి."

"స్నానం చేసి వస్తాను."

"చేసినా అంతే."

"పోనీ, మీరే చెప్పండి. ఎలా ఉన్నారు?"

బాగున్నాయని ఒక మాట అనేస్తే అతను వెళ్ళిపోయేవాడు. కానీ కంటితో చూడనిది నోటితో చెప్పే అలవాటు ఆమెకు లేదు. "ఉండండి" అని లోపలికి వెళ్ళింది. సెల్స్‌ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసి, వాటి ఫ్లాస్క్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, మళ్ళీ లోపల పెట్టి వచ్చింది.

"ఫ్లాస్క్ అడుగున అంటుకున్నాయి. కొన్ని సన్నగా సాగుతున్నాయి. బాగున్నాయి."

"అంటుకోవడం మంచిదేనా?"

"అంటుకోనివి బతకవు."

"అయితే నా పోలిక రాలేదు. నేనెక్కడా కుదురుగా ఉన్నవాణ్ణి కాదు" అని, కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను పెయింటర్. దుకాణాల నెత్తిన పెద్ద పెద్ద బోర్డులు రాసేవాడు. ఎనిమిది నెలల కిందట నిచ్చెన జారి, మోకాలి కింద ఎముక విరిగింది. రెండు ఆపరేషన్లు చేసినా రెండు ముక్కల మధ్య వేలెడంత ఖాళీ మిగిలిపోయింది. డాక్టర్ దాచకుండా చెప్పాడు: మూడు వారాలు సెల్స్ పెంచి, స్పాంజిలా చిల్లులున్న చిన్న చిన్న గుళికల మీద వాటిని పరిచి, ఆ ఖాళీలో పెడతాం. ఎముక పెరిగితే మళ్ళీ నిచ్చెన ఎక్కుతావు. పెరగకపోతే లోపల కడ్డీ వేస్తాం, నేల మీద చేసే పనేదైనా చూసుకో. ఈ పద్ధతి ఇంకా పరీక్షల్లోనే ఉంది కనుక ఒక్కొక్కరికి ఒక్కటే అవకాశం. ఇరవై ఒకటో రోజుకి సెల్స్ కావలసిన లెక్కకి చేరాలి. చేరకపోతే ఆపరేషనే లేదు.

ఆ లెక్క ఆమె చేతుల్లో ఉంది.

మర్నాడు పదకొండింటికి ఆస్పత్రిలోనే కాలి వ్యాయామం ముగించుకుని మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఏమంటున్నారండీ మావాళ్ళు?"

"ఆకలంటున్నారు. ఇవాళ కొత్త ద్రవం పోశాను."

"అల్లరి చేస్తున్నారా?"

"మీకంటే నయం."

అతను పడీ పడీ నవ్వేవాడు. ఆ నవ్వుకి కర్ర జారి కింద పడేది. ఆమె తీసి ఇచ్చేది. కర్ర కావాలనే జారవిడుస్తున్నాడేమోనని నాలుగో రోజు అనుమానం వచ్చింది. ఐదో రోజు రుజువైంది. అయినా తీసి ఇవ్వడం మానలేదు.

పదకొండో రోజు లెక్కపెడితే సెల్స్ పెరగలేదు. రెట్టింపు కావలసినవి సగం దారిలో కూర్చుండిపోయాయి. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారీ అంతే వచ్చింది.

సిగరెట్ పొగ ఎముకకి శత్రువు; తాగేవాళ్ళ మూలుగలోంచి తీసిన సెల్స్ కూడా సరిగా పెరగవు. మానేశానని అతను సంతకం పెట్టిన కాగితం ఆమె ఫైల్లోనే ఉంది. ఆ రోజు అతను తలుపు దగ్గరికి రాగానే చొక్కాలోంచి గుప్పున వాసన కొట్టింది.

"మీరు సిగరెట్ కాలుస్తున్నారు."

"మానేసి నాలుగు నెలలైందండీ."

"మీ చొక్కా వేరే మాట చెబుతోంది."

అతను చొక్కా వైపు చూసుకున్నాడు. "చొక్కా మాట నమ్ముతారు, నా మాట నమ్మరన్నమాట."

"సెల్స్ పెరగడం ఆగిపోయింది. అవి అబద్ధం చెప్పవు."

అతను వెనక్కి తిరిగాడు. కర్రల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత రాలేదు.

మూడో రోజున ఒక పెద్దాయన వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, నేను వాడి బాబాయిని. ఆ పొగ నాదమ్మా. ఇంట్లో మా ఇద్దరి చొక్కాలూ ఒకే కొక్కేనికి వేలాడతాయి."

ఆమె తలుపు పూర్తిగా తెరిచి వరండాలోకి వచ్చింది.

"వాడి పిన్ని పోయాక చేతులకి ఏం పని చెప్పాలో తెలియక మొదలెట్టాను" అన్నాడాయన, తన చేతులు చూసుకుంటూ. "మొన్నటి నుంచి మానేశాను. వాడు అన్నం దగ్గర మాట్లాడట్లేదు. కాలు సంగతి దేవుడెరుగు, ముందు వాడి మూతి బాగుచెయ్యి."

ఆయన వెళ్ళాక ఆమె మళ్ళీ లెక్క చూసింది. విచిత్రం. రెండు రోజులుగా సెల్స్ జోరుగా పెరుగుతున్నాయి. ఇంట్లో బాబాయి మానేస్తే, ఇక్కడ ఫ్లాస్క్‌లో ఉన్న సెల్స్‌కి మర్నాటికే ఇంత ఫలితమా? ఎంత ఆలోచించినా పొంతన కుదరలేదు.

పొంతన కుదిర్చింది పెద్ద మేడమ్. ల్యాబ్ అంతా ఆవిడ కనుసన్నల్లో నడుస్తుంది. ఆ సాయంత్రం ఒక కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. ఇంక్యుబేటర్ తలుపు ఏ రోజు ఎన్నిసార్లు తెరిచారో ఆ యంత్రమే రాసిపెట్టుకుంటుంది.

"చదువు."

"రెండు... రెండు... మూడు... ఏడు... తొమ్మిది..."

"ఆగావేం?"

"పద్నాలుగు."

"తర్వాత?"

"మళ్ళీ రెండు."

అతను రావడం మానేసిన రోజు నుంచి రెండు. ఆమెకు చెవులు వేడెక్కాయి.

"తలుపు తీసిన ప్రతిసారీ వెచ్చదనం పోతుంది, లోపలి గాలి మారుతుంది. నిద్రపోతున్నాడో లేదోనని పసివాణ్ణి గంటకోసారి లేపి చూసినట్టుంది నీ పని. ఇంకెక్కడ పెరుగుతాడు?" ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. "రికార్డులో నేను రాస్తాను. అతనికి మాత్రం నువ్వే చెప్పు."

వ్యాయామాల గదిలో అతను బెంచీ మీద పడుకుని, చీలమండకి ఇసుక సంచి కట్టుకుని మంచి కాలు పైకెత్తుతున్నాడు. ఆమెను చూసి కాలు దించాడు.

"తప్పు మీది కాదు" అంది ఆమె నిలబడే. "మీ బాబాయిగారిది కూడా కాదు. నాది." కాగితం అతని చేతిలో పెట్టి, పెద్ద మేడమ్ చెప్పినదంతా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. "మీరు రోజూ అడిగేవారు. చూడకుండా చెప్పడం నాకు చేతకాదు. అందుకని తెరిచాను. మిమ్మల్ని అనరాని మాట అన్నాను. క్షమించండి."

అతను లేచి కూర్చుని కాగితం చాలాసేపు చదివాడు.

"మామూలుగా రోజుకి రెండుసార్లు తెరవాలి కదండీ?"

"ఊఁ."

"నేను అడిగింది రోజుకి ఒక్కసారి."

"ఊఁ."

"మూడయ్యాయి. మిగతా పదకొండూ ఎందుకు తెరిచారు?"

మాస్క్ ల్యాబ్‌లోనే వదిలేసి వచ్చినందుకు ఆమె తనను తాను తిట్టుకుంది. ముఖం దాచుకోవడానికి గదిలో ఇసుక సంచులు తప్ప ఏమీ లేవు.

అతను వేళాకోళం చేస్తాడనుకుంది. చెయ్యలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అది ఆఫీసు కాగితం" అంది.

"నా సెల్స్ గురించే కదా రాశారు. లెక్క చేరుతుందా?"

"ఏడు రోజులుంది. రోజుకి రెండుసార్లే తీస్తాను."

"నేను వస్తే?"

"రండి. సెల్స్ గురించి ఒక్క మాటా చెప్పను."

"మరి రావడం దేనికి?"

"అయితే రాకండి."

"వస్తాను, వస్తాను."

వచ్చాడు. ఏడు రోజులూ ల్యాబ్ బయటి బెంచీ మీద కూర్చుని సెల్స్ తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడాడు. ఎత్తున రాసే అక్షరం కింద నుంచి చూసేవాడికి తిన్నగా కనబడాలంటే, పైన రాసేవాడు దాన్ని కొంచెం పొడుగ్గా సాగదీయాలట. "రాస్తున్నప్పుడు తప్పుగా ఉన్నట్టే ఉంటుందండీ. దిగి చూస్తే గానీ ధైర్యం రాదు" అన్నాడు. ఆమె వింటూ కూర్చునేది. చెయ్యి తలుపు వైపు వెళ్ళబోతే ఒళ్ళో పెట్టుకునేది.

ఇరవై ఒకటో రోజు లెక్క చేరింది. అత్తెసరుగానే, కానీ చేరింది. ఆమె సెల్స్ ఉన్న పెట్టె పట్టుకుని ఆపరేషన్ గది గుమ్మం దాకా వెళ్ళి, లోపలివాళ్ళ చేతికిచ్చి, ఖాళీ చేతులతో బాబాయి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అది ఇద్దరికీ తేలికగానే ఉంది.

ఆరు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదు. వేలెడంత నలుపు, అంతే. ఆ రోజు అతను నిచ్చెన అమ్మేస్తానన్నాడు. "పాతబడింది, ఎవరూ కొనరు" అంది ఆమె. ఈసారి అతను నవ్వలేదు.

మూడో నెల ఎక్స్‌రేలో ఆ నలుపు మీద అద్దానికి ఆవిరి పట్టినట్టు తెల్లగా ఏదో కమ్ముకుంది. డాక్టర్ దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎముకే. ఇవాళ కాలు మోపు. పది కిలోలు, అంతకు మించి వద్దు."

వ్యాయామాల గదిలో రెండు కమ్మీల మధ్య బరువు తూచే మిషన్ పెట్టారు. బాబాయి గోడకి ఆనుకున్నాడు. ఆమె మూడు గజాల దూరంలో నిలబడింది. అతను దాదాపు ఏడాది తర్వాత ఆ పాదాన్ని కిందికి దించాడు.

"ఆరు... ఎనిమిది... పది. చాలు, అక్కడే ఉండండి" అన్నాడు వ్యాయామం చేయించే మాస్టారు.

అతని కళ్ళు తడిశాయి. ముల్లు వైపు చూడటం మానేసి ఆమె వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పండి. మిగతా పదకొండూ?"

"మిమ్మల్ని చూసినట్టుంటుందని" అంది ఆమె.

ముల్లు పదహారుకి ఎగిరింది.

"ఏయ్, ఏయ్! ముందుకి వంగకండి!" మాస్టారు అరిచాడు.

"మీరు కదలొద్దు" అంది ఆమె. "నేనే వస్తాను."

వచ్చి కమ్మీ ఇవతల, అతని చేతికి అందేంత దగ్గరగా నిలబడింది. ముల్లు నెమ్మదిగా పదికి దిగింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలమ్మా?"

"మా అమ్మతో. మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు."

పెయింటర్ బిక్కమొహం వేసి మాస్టారు వైపు తిరిగాడు. "మూడు అంతస్తులు ఎక్కాలంటే ఎన్ని కిలోలు మోపాలండీ?"

"కిలోలు కాదు, మూడు నెలలు ఆగాలి."

"మూడు నెలలా!"

"అక్కర్లేదు" అంది ఆమె. "మా అమ్మ కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆదివారం కిందికి దింపుతాను."